పెన్‌డ్రైవ్ పెట్టింది నేనే

ఆమెని అందరూ ఏసీ అక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతం చీటీలో చూసుకుంటే తప్ప తనకే గుర్తుండదని నవ్వేది. రెండేళ్ళు నేను ఆమె పక్క కుర్చీలో కూర్చుని పనిచేశాను. ఈ సంగతులన్నీ ఆమె నోట విన్నవే. కొన్ని ఒక్కసారే చెప్పింది, కొన్ని మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఒక్కసారే చెప్పినవే నాకు బాగా గుర్తున్నాయి.

అంతకుముందు పంతొమ్మిదేళ్ళు ఆమె ఒక పద్నాలుగంతస్తుల ఆఫీసు భవనంలో పనిచేసింది. పనిచేసే గది మాత్రం నేల కింద, కార్లు ఆపే చోటికి ఇంకో అంతస్తు దిగువన. కిటికీ లేదు. మూడు తెరలు, ఒక ఫోను, ఒక ఇనప బీరువా. గోడకి అవతల పంపులు తిరుగుతుంటే బల్ల మీద గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతుండేవి. చల్లగాలి, లిఫ్టులు, కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులు, పొగ వస్తే మోగే గంటలు, అన్నీ ఆ తెరల్లో కనిపిస్తాయి. ఏ అంతస్తులో ఎంత వేడి ఉందో పాయింటు తర్వాత అంకెతో సహా తెలుస్తుంది.

భవనంలో రెండు వేల మంది ఉండేవారు. వాళ్ళలో పదిమందికి కూడా ఆమె ముఖం తెలీదు. గొంతు మాత్రం అందరికీ తెలుసు.

"అక్కా, గడ్డకట్టుకుపోతున్నాం."

"చెప్పమ్మా, ఎన్నో అంతస్తు?"

ఆ ఫోను పెట్టేలోపు అదే అంతస్తు అవతలి మూల నుంచి ఇంకొకరు, "అక్కా, ఉడికిపోతున్నాం."

మొగుడూ పెళ్ళాలకే ఒక దుప్పటి కింద కుదరదు, అరవైమందికి ఒక హాల్లో ఎలా కుదురుతుంది అనేది. సగంసార్లు ఏమీ మార్చేది కాదట. "ఇదిగో తగ్గించాను, ఐదు నిమిషాలాగు" అని చెప్పి, మీట కూడా ముట్టుకోకుండా, మీసం లేని మొహంతో మీసాల్లో నవ్వుకునేదాన్ని అని చెప్పేది. ఐదు నిమిషాలకి వాళ్ళే ఫోన్ చేసి, "ఇప్పుడు ప్రాణం లేచొచ్చిందక్కా" అనేవాళ్ళు.

పెళ్ళి కాలేదు. "కుదర్లేదు" అని ఒక్క మాటతో తేల్చేసేది, నేనూ గుచ్చి అడగలేదు. వేరే ఊళ్ళో తమ్ముడున్నాడు. తమ్ముడి కూతురు ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఆమె దగ్గరే ఉండి చదువుకుంది. తర్వాత ఆ పిల్ల ఒక నాటకాల బృందంలో చేరి ఊళ్ళు పట్టుకు తిరగడం మొదలుపెట్టింది. రెండు గదుల ఇంట్లో ఏసీ అక్క ఒక్కర్తే మిగిలింది. సాయంత్రం తాళం తీసి లోపలికెళ్తే పలకరించేది ఫ్రిజ్జు మోత ఒక్కటే. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేక మాటలన్నీ పనిలోకి మోసుకెళ్ళేది. "ఏమ్మా మూడో నంబరూ, ఇవాళ కూడా అలకేనా?" అని పంపుని అడిగేది. అది అలిగితే నిజంగానే కొంచెం గరగరలాడేదట.

ఆ గదికి అప్పుడప్పుడూ వచ్చే మనిషి చిల్లర్ మెకానిక్ ఒకడు. నీళ్ళని చల్లబరిచి పైఅంతస్తులకి పంపే పెద్ద యంత్రాలని బాగుచేసేది అతనే. నెలకి రెండుసార్లు వచ్చేవాడు. పని అయ్యాక చేతులు కడుక్కుని, స్టూలు లాక్కుని, "అక్కగారూ, టీ ఉందా?" అనేవాడు. ఫ్లాస్కులో అతని కోసం ఒక కప్పు ఎక్కువ పోసుకెళ్ళేది. అతను రాని రోజుల్లో కూడా పోసుకెళ్ళేది.

ఒకసారి మేనకోడలి దగ్గర్నుంచి పోస్టులో చిన్న కవరొచ్చింది. లోపల పెన్‌డ్రైవ్, ఒక చీటీ. 'అత్తా, నా కొత్త నాటకం. నువ్వు తప్పకుండా చూడాలి.' ఇంట్లో కంప్యూటర్ లేదు. ఉన్నది పాత ఫోను. మూడు రోజులు కవరు సంచిలోనే పెట్టుకు తిరిగింది.

పద్నాలుగో తారీకు, గురువారం. అన్నం డబ్బా మూత తీసి, తెర వైపు చూసింది. బయటి పెన్‌డ్రైవులు ఈ కంప్యూటర్లకి పెట్టరాదు అని ఎదురుగా గోడ మీద కాయితం ఉంది. దాన్ని అంటించింది తనే. కంప్యూటర్ వెనక రంధ్రం మీద టేపు వేసింది కూడా తనే. భవనం మొత్తాన్ని ఆడించే కంప్యూటర్ అది. దాంట్లోకి ఏదైనా పాడు ప్రోగ్రాము దూరిందంటే ఒక గది కాదు, పద్నాలుగంతస్తులూ దాని చేతికి చిక్కుతాయి. ఇదంతా కొత్తవాళ్ళకి ఆమే చెప్పేది. అయినా గోటితో టేపు అంచు లేపింది. ఎవరైనా మనింట్లోకి వచ్చి మాట్లాడతానంటే తలుపేసుకుంటామా అనిపించిందట ఆ నిమిషంలో.

నాటకంలో మేనకోడలు ఒంటరి ఆడమనిషి వేషం వేసింది. కుర్చీలోంచి లేవాలంటే ముందు ఎడమ మోకాలి మీద చెయ్యి, తర్వాత బల్ల మీద చెయ్యి వేసి లేస్తోంది. ఫోను ఎత్తగానే "చెప్పమ్మా" అని సాగదీస్తోంది. యంత్రాలని పేరుపెట్టి బుజ్జగిస్తోంది. అన్నం తింటూ ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు డబ్బా మూతలో కొంచెం కూర తీసి పక్కన పెడుతోంది. ప్రేక్షకులు విరగబడి నవ్వుతున్నారు.

ఏసీ అక్క తన డబ్బా మూత వైపు చూసుకుంది. అందులో కొంచెం కూర ఉంది.

నాటకం అక్కడికక్కడే ఆపేసింది. తల కొట్టేసినట్టయిందని చెప్పింది నాతో. కానీ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పెట్టింది. శని, ఆదివారాలు సెలవు. సోమవారం మళ్ళీ. అలా ఏడు మధ్యాహ్నాలు. "నవ్వితే నవ్వారులే. నన్నంత దగ్గరగా చూసినవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పు?" అంది.

ఇరవై ఐదో తారీకు సోమవారం, పొద్దున్న పదీ నలభైకి తొమ్మిదో అంతస్తు నుంచి ఫోనొచ్చింది. అక్కడ రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ. పదేళ్ళుగా తెలిసిన గొంతు.

"అక్కా, ఇవాళ నిజంగానే ఉడికిపోతున్నాం. ఎప్పట్లా మాట చెప్పి ఊరుకోకు."

తెరలో తొమ్మిదో అంతస్తు ఇరవై మూడు పాయింటు ఐదు. మామూలే. కానీ చూస్తూ ఉంటే ఏదో తేడాగా ఉంది. పాయింటు తర్వాత అంకె కదలడం లేదు. మనుషులు తిరిగే భవనంలో ఆ అంకె ఒకచోట నిలవదు, నాలుగవుతుంది, ఆరవుతుంది, మళ్ళీ ఐదవుతుంది. ఐదు నిమిషాలు చూసింది. ఏ అంతస్తులోనూ ఏ అంకే కదలలేదు. చేతి థర్మామీటరు పట్టుకుని తొమ్మిదో అంతస్తుకి పరిగెత్తింది. ముప్పై చూపించింది.

కిందకి వచ్చేసరికి మూడు తెరల్లో ఒకటి ఎర్రగా ఉంది. మీ భవనానికి తాళం వేశాం, తాళంచెవి మా దగ్గరుంది అని దాని మీద రాసుంది. మూలన ఉన్న పెట్టె తెరిచి, లిఫ్టులకీ పొగ గంటలకీ వెళ్ళే నీలం తీగలు రెండూ ఊడబెరికింది. లోపలికొచ్చిన దొంగని ఒక గదిలోనే ఉంచి మిగతా తలుపులు మూసెయ్యడం లాంటిది అది. ఆ రెండూ చేజారకుండా ఆగాయి. అప్పటికే తలుపులు కార్డులకి పలకడం మానేశాయి. ఒక్కో అంతస్తుకి ఫోన్ చేసి, మెట్ల దగ్గర ఆకుపచ్చ డబ్బా అద్దం పగలగొట్టి తలుపులు తెరవమని చెప్పింది. పద్నాలుగు నంబర్లూ కంఠతా వచ్చు. ఆ తర్వాతే మేనేజర్‌కి ఫోన్ చేసింది.

మధ్యాహ్నానికి దర్యాప్తు ఇంజనీరు ఒకతను వచ్చాడు. ఇలాంటివాటి వెంట పడి తిరగడమే అతని పని. నిద్రలేని కళ్ళు, నెమ్మది మాట. ఆ ప్రోగ్రాము వచ్చిన దారి తెలియకుండా జాడలన్నీ తుడిచేసుకుందని చెప్పాడు. బాగుచేసే దారి ఒక్కటే. ప్రతి శనివారం కంప్యూటర్ల నకలు ఒకటి తీసి దాచిపెడతారు. ఆ ప్రోగ్రాము పురుగు రాకముందు తీసిన నకలు ఎక్కిస్తే అంతా మామూలవుతుంది. వచ్చాక తీసింది ఎక్కిస్తే పురుగుని మళ్ళీ పిలిచినట్టే.

అందర్నీ వరసగా నిలబెట్టి అడిగాడు. "ఈ కంప్యూటర్లకి ఎవరైనా ఏదైనా పెట్టారా? తిట్టడానికి కాదు, తేదీ కోసం అడుగుతున్నాను."

ఏసీ అక్క వంతు వచ్చింది. నోరు తెరిచింది. "లేదండీ" అన్న మాట బయటికొచ్చింది.

ఆదివారం చిల్లర్ మెకానిక్ ల్యాప్‌టాప్‌తో వచ్చి వెళ్ళాడని గేటు పుస్తకంలో ఉంది. మేనేజర్ దాన్ని పట్టుకున్నాడు. మెకానిక్ కార్డు గేటు దగ్గరే లాగేసుకున్నారు. ఆదివారం అతను తెచ్చాడంటే ఇరవై మూడు శనివారం నకలు మంచిదేనన్నమాట అని లెక్క తేలింది.

ఆ సాయంత్రం మెకానిక్ ఫోన్ చేశాడు. "అక్కగారూ, నా ల్యాప్‌టాప్ చిల్లర్‌కి తప్ప దేనికీ పెట్టలేదు. మీకు తెలుసుగా, మీ కంప్యూటర్ దరిదాపులకి కూడా నేను రాను. మీరొక్క మాట చెప్తే వింటారు."

"చెప్తాను" అంది.

చెప్పలేదు. మంగళవారమంతా భవనాన్ని చేత్తో నడిపింది. ప్రతి అంతస్తులో యంత్రం పక్కన ఒక మీట ఉంటుంది. దాన్ని ఆటో నుంచి హ్యాండ్‌కి తిప్పి, వేడి చూసి, గంటకోసారి మళ్ళీ వచ్చి సరిచెయ్యాలి. పద్నాలుగంతస్తులూ ఎక్కి దిగుతుంటే జనం ఆమెని మొదటిసారి చూశారు. ఎవరో తెలీక పక్కకి తప్పుకుని దారిచ్చారు.

బుధవారం పొద్దున్న ఇరవై మూడో తారీకు నకలు ఎక్కించారు. పదకొండుకి అన్నీ బాగానే తిరిగాయి. నీలం తీగలు మళ్ళీ తగిలించారు. మేనేజర్ అందరితో చేతులు కలిపాడు. మూడింటికి తెరలో అంకెలు నిలిచిపోయాయి. ఈసారి తీగ దగ్గరికి వెళ్ళేలోపే రెండో లిఫ్టు ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఆగిపోయింది.

లిఫ్టు లోపల ఉన్న చిన్న మైకు ఆమె గదిలోకి మాట్లాడుతుంది.

"ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానమ్మా. భయపడకు, మనుషులు వస్తున్నారు."

"ఏసీ అక్కేనా?" తొమ్మిదో అంతస్తు ఆవిడ. "అమ్మయ్య. నీ గొంతు వినగానే సగం భయం పోయింది."

నలభై నిమిషాలు పట్టింది లిఫ్టు దింపడానికి. అంతసేపూ మాట్లాడుతూనే ఉంది. ఆవిడ తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, కూతురి లెక్కల మార్కుల గురించి చెప్పింది. "నీకెంతమంది పిల్లలక్కా?" అని అడిగింది. "ఒక మేనకోడలు" అంది ఏసీ అక్క. ఆవిడే మళ్ళీ, "ఆ మెకానిక్కట కదా దీన్ని తెచ్చింది. మన ప్రాణాల మీదికి తెచ్చాడు చూడు. అలాంటివాళ్ళకి ఎక్కడా పని దొరక్కూడదు" అంది.



"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను."

లిఫ్టు తలుపు తెరుచుకునే వేళకి ఆమె మెట్లెక్కి అక్కడికి వెళ్ళింది. తొమ్మిదో అంతస్తు ఆవిడ బయటికొచ్చి, చుట్టూ చూసి, ఎదురుగా ఉన్న ఏసీ అక్క భుజం పక్కనుంచి నడిచి, తనవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ముఖం తెలీదు కదా.

అక్కణ్ణుంచి నేరుగా దర్యాప్తు ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది. అతను మేనేజర్ గదిలో నేల మీద కూర్చుని తీగలు విప్పుతున్నాడు.

"పెన్‌డ్రైవ్ పెట్టింది నేనే" అంది.

మేనేజర్ కుర్చీలోంచి లేచాడు. ఇంజనీరు చేత్తోనే ఆయన్ని ఆపాడు. "తేదీ గుర్తుందా అమ్మా?"

"పద్నాలుగు, గురువారం. ఒంటిగంటా పది."

"అంతకుముందు ఎప్పుడైనా?"

"లేదు. అదే మొదలు."

అతను గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. "అయితే తొమ్మిదో తారీకు నకలు మంచిదే. పదహారూ ఇరవై మూడూ రెండూ పాడే. మీరు చెప్పకపోతే ఈ సంగతి తేలడానికి నాకు ఇంకో నెల పట్టేది."

"పంతొమ్మిదేళ్ళ సర్వీసు పెట్టుకుని" అని మేనేజర్ మొదలుపెట్టాడు.

"మీరేమన్నా పడతాను. ముందు ఆ మెకానిక్‌ని లోపలికి రానివ్వండి" అంది.

పెన్‌డ్రైవ్ అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగిందో కూడా కావాలన్నాడు ఇంజనీరు. అతని ఎదుటే మేనకోడలికి ఫోన్ చేసింది. నాలుగు నెలల తర్వాత చేసిన మొదటి ఫోను అది.

"అత్తా! చూశావా నాటకం?"

"చూశాను. ఆ పెన్‌డ్రైవ్‌లోకి నాటకం ఎక్కడ ఎక్కించావు?"

"అదేం ప్రశ్న? స్టేషన్ దగ్గర ఫోటోలు తీసే కొట్లో. ఏం?"

చెప్పింది. "అంటే నేను పంపిందానివల్ల..." అంది ఆ పిల్ల.

"నువ్వు పంపావు. పెట్టింది నేను. రెండూ ఒకటి కాదు."

తొమ్మిదో తారీకు నకలు ఎక్కించారు. ఆ వారమంతా దాన్ని దేనికీ తగిలించకుండా విడిగా నడిపి చూశారు. అంకెలు కదులుతూనే ఉన్నాయి. తర్వాత మెల్లగా ఒక్కో అంతస్తునీ కలిపారు. లిఫ్టులనీ పొగ గంటలనీ మాత్రం వేరే దారిలో పెట్టేశారు, ఇక ఎప్పటికీ వాటితో కలవకుండా. కంప్యూటర్ల రంధ్రాలన్నిటికీ సీలు వేశారు.

ఏసీ అక్కని మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టారు. రెండోవారంలో మేనకోడలు వచ్చింది. రెండు రోజులుంది. మొదటిరోజంతా ఇద్దరూ కూరగాయల ధరలు మాట్లాడుకున్నారు. రెండోరోజు గిన్నెలు కడుగుతూ ఆ పిల్లే అడిగింది.

"కోపం రాలేదా అత్తా?"

"నడక బాగా పట్టావు. మోకాలు ఎడమది కూడా సరిగ్గా గుర్తుపెట్టుకున్నావు."

"జనం నవ్వుతారని అనుకోలేదు. నేను నవ్వించడానికి రాయలేదు. నా చిన్నప్పుడు నువ్వలా పక్కన కూర తీసిపెడితే అది నాకోసమే అనుకునేదాన్ని."

"నీకోసమేనే" అంది ఏసీ అక్క. మేనకోడలు సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. నెలకోసారి ఫోన్ చేస్తానంది. చేసేది కూడా. ఐదు నిమిషాలు, పది నిమిషాలు.

మెకానిక్‌కి కార్డు తిరిగిచ్చారు. ఆమె పనిలోకి వచ్చాక అతని దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకుంది. అతను గొడవపడలేదు. "అడిగినరోజే చెప్పుంటే బావుండేది మేడమ్" అన్నాడు. అక్కగారూ అనే మాట అతని నోట మళ్ళీ రాలేదు. టీ కోసం స్టూలు లాక్కోవడమూ లేదు. ఈ ముక్క నాకు ఒక్కసారే చెప్పింది, అదీ తల తిప్పుకుని.

ఆర్నెల్లలో యజమానులు ఆ కింది గది మూసేశారు. వాళ్ళకున్న తొమ్మిది భవనాలనీ ఒకే హాల్లో నుంచి చూసే ఏర్పాటు చేశారు. నేను చేరింది ఆ హాల్లోనే. పన్నెండుమందిమి. నిలువెత్తు కిటికీలు, మంచి వెలుతురు. అందరి చెవుల్లోనూ హెడ్‌ఫోన్లు. ఫోన్లు లేవు. ఫిర్యాదులన్నీ రాతపూర్వకంగా తెర మీదికే వస్తాయి, 'అంతస్తు 9, వేడి' అని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఇంటికెళ్ళిన రోజులు నాకే ఉన్నాయి. ఏసీ అక్కకి ఎలా ఉండేదో. మొదటివారం చెయ్యి మాటిమాటికీ బల్ల మీద లేని ఫోను కోసం వెళ్ళేదట.

నెలకోసారి మాత్రం కొత్తగా చేరినవాళ్ళ ముందు ఆమె చేత మాట్లాడించేవారు. ఇంజనీరు సలహా అది. అరగంట నిలబడి ఇదంతా చెప్పేది, మెకానిక్ విషయంతో సహా. పేరు మార్చేది కాదు, ఎవరో చేశారని తప్పించేది కాదు. ముక్కు మీద గుద్దినట్టు "నేను పెట్టాను, మూడు రోజులు దాచాను" అనేది. కొందరు కుర్రాళ్ళు వెనక వరసలో నవ్వుకునేవాళ్ళు. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట. "తప్పు చెయ్యనివాళ్ళు నాకు అక్కర్లేదు. చేసిన నిమిషం చెప్పండి. నేను పోగొట్టుకున్నది ఆ మూడు రోజుల్లోనే."

ఒక మధ్యాహ్నం నాకో మెయిలొచ్చింది. మన కరెంటు మీటర్ల కంపెనీ నుంచే అన్నట్టుంది. నొక్కాను. తెర ఒక్క క్షణం తెల్లబడి మామూలైంది. అప్పుడు చూసుకుంటే కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా. అటూ ఇటూ చూశాను. ఎవరూ తలెత్తలేదు. మూసేసి ఊరుకుంటే ఎవరికీ తెలీదు, ఏమీ కాకపోవచ్చు కూడా. ఓ నిమిషం అలాగే కూర్చున్నాను.

తర్వాత ఆమె చెవి మీదున్న హెడ్‌ఫోన్ పక్కకి జరిపి, "అక్కా, నేనొకటి నొక్కాను" అన్నాను.

ఎందుకు, ఎలా అని అడగలేదు. "టైమెంత?" అంది.

"మూడూ ఏడు."

లేచింది. ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుందో లేదో నేను చూడలేదు. నా బల్ల కిందికి వంగి నీలం తీగ లాగేసింది, చీటీ మీద టైము రాసింది, తన సెల్‌లో ఇంజనీరుకి ఫోన్ చేసి నాకిచ్చింది. మాట్లాడ్డం అయ్యేదాకా నా వెనకే నిలబడింది. అతను వచ్చి చూసి, లోపలికి ఏమీ దిగలేదు, తొందరగా చెప్పారు కాబట్టి సరిపోయిందన్నాడు.

సాయంత్రం ఇద్దరం కలిసి కిందకి దిగాం. గేటు దాకా ఆమె ఏదో చెప్తూనే ఉంది, తొమ్మిది భవనాల్లో ఏ పంపు గొంతు ఎలా ఉంటుందో. నా బస్సు ముందొచ్చింది. ఎక్కాక కిటికీలోంచి చూస్తే, ఇంకా నేను పక్కనే ఉన్నట్టు, మాట మధ్యలో ఆగిన ముఖంతో ఆ పక్కకే చూస్తూ నిలబడి ఉంది. ఆ మాటేమిటో మర్నాడు అడగాలనుకున్నాను. అడగలేదు.